మూడు గుర్తుల కాగితం

నా భార్య ఓబులమ్మను చంపింది ఒక కూరగాయల కంపెనీ ప్రకటన. ఆసుపత్రి కాగితంలో గుండెపోటు అని రాశారు. వాళ్లు రాసేది వాళ్లు రాశారు. జరిగింది నాకు తెలుసు. దీని మీద నేను ఎవరితోనూ వాదించను.

మాది కదిరి దగ్గర పల్లె. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఇరవై ఆరేళ్లుగా బెంగళూరు పీణ్యలో లేత్ మెషిన్ మీద పని. ఓబులమ్మ మడివాళలో ఒక పీజీలో వంట చేసేది. ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్లు నలభై మంది అక్కడ అద్దెకు ఉంటారు. మేడ మీద మాకొక గది ఇచ్చారు. మాకు పిల్లలు లేరు. ఆ నలభై మందినీ ఆమె నా పిల్లలు అనేది. నేను ఎప్పుడూ అనలేదు.

ఏప్రిల్ ఒకటో తారీఖు, పొద్దున పదకొండు గంటలు. మెషిన్ మీద షాఫ్టు తిరుగుతోంది. ఫోను మోగింది. కొత్త నంబరు. ఆడగొంతు.

"మీ ఇంటివాళ్లు పడిపోయారు. పది నిమిషాలే టైముంది. తొందరగా రండి."

వెనక ఎవరో ఏడుస్తున్నారు.

"ఓబులమ్మకు ఇయ్యి ఫోను. ఓబులమ్మా" అని అరిచాను.

ఏడుపు ఎక్కువైంది. అది ఓబులమ్మ ఏడుపే అనుకున్నాను. ముప్పై ఏళ్లు కాపురం చేసినవాణ్ణి, ఆ మాత్రం నాకు తెలియదా అనుకున్నాను. అంతలో ఫోను ఆగిపోయింది.

మెషిన్ ఆపలేదు. అలాగే వదిలి పరిగెత్తాను. రోడ్డు మీద దొరికిన ఆటో ఎక్కాను. యశవంతపుర దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఫోను. అదే గొంతు. ఈసారి నవ్వుతోంది.

"పది నిమిషాలు అయిపోయాయి. మీరు చేరలేదు కదా? మేమైతే చేరిపోయేవాళ్లం. తాజా కూరగాయలు పది నిమిషాల్లో మీ గుమ్మం ముందు. హ్యాపీ ఏప్రిల్ ఫూల్."

ఆ మాటలు ఆటోవాడికి కూడా వినపడ్డాయి. అద్దంలో నన్ను చూసి నవ్వాడు.

ఓబులమ్మకు ఫోను చేశాను.

"ఏం చేస్తాండావు?"

"ఉల్లిగడ్డలు తరుగుతాండా. ఏం?"

"ఏం లేదు."

"ఏం లేకుండా ఫోను చేసే మనిషివా నువ్వు? ఏమయిందో చెప్పు."

చెప్పలేదు. షెడ్డుకు తిరిగి వెళ్లాను. అక్కడ ఇంకో ఇద్దరికి అదే ఫోను వచ్చిందట. వాళ్లు నవ్వి పెట్టేశారు. నేనొక్కణ్ణే పరిగెత్తాను. మా ఓనరు కృష్ణప్ప, నేను ఆపకుండా వదిలిన మెషిన్‌లో విరిగిన టూలు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఏమప్పా, అంత దూరం పోయినావు. కాయగూరలు యాడ?"

షెడ్డంతా నవ్వింది.

ఆ రోజు సాయంత్రం పీజీలో అన్నాల దగ్గర సుధీర్ అనేవాడు దొరికాడు. హొసకోటె కుర్రాడు. వాళ్లు తాతల నాటి నుంచి అక్కడున్న తెలుగువాళ్లు. రోజూ వచ్చి పోవడం దూరమని పీజీలో ఉండేవాడు. ప్రకటనలు తయారు చేసే ఆఫీసులో పని. ఓబులమ్మ ఉగ్గాని చేసిన రోజు మూడుసార్లు పెట్టించుకునేవాడు.

"అంకుల్, మీకూ వచ్చిందా ఆ కాల్? అది మా టీమ్ చేసిందే. పొద్దున్నుంచి అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు."

"ఏడ్చింది ఎవరు?"

"స్టూడియోలో ఒక ఆర్టిస్టు. బాగా చేసింది కదా?"

ఓబులమ్మ గరిటె సాంబారు గిన్నెలోనే ఆగిపోయింది.

"ఏమప్పా సుధీరూ, ఈయన పీణ్య నుంచి పరిగెత్తుకోని వచ్చినాడంట. నాకు ఇప్పుడు తెలుస్తాండాది. ఇది నవ్వులాటనా?"

"సారీ ఆంటీ. కానీ అది ఉత్త ప్రాంక్. స్కామ్ కాదు. రెండిటికీ చాలా తేడా ఉంది."

"ఏం తేడా?" అన్నాను.

"స్కామ్ చేసేవాడు దాక్కుంటాడు అంకుల్. మేం చేసి, ఫలానా మేమే అని చెప్పేస్తాం. వాడు డబ్బు లాగుతాడు. మేం ఒక్క రూపాయి అడగలేదు."

"దొంగ తాళం పగలగొట్టి సొత్తు ఎత్తుకోని పోతాడు. మీరు తాళం పగలగొట్టి నవ్వి పోతారు. తాళం పగిలిందా లేదా?"

"మీరు మరీ సీరియస్ అంకుల్."

అయినా వాడికి ఎక్కడో తగిలినట్టుంది. తిన్న పళ్లెం కడిగిపెట్టి, ఒక తెల్ల కాగితం, స్కెచ్ పెన్ను తెచ్చాడు. పెద్ద అక్షరాలతో రాసి వంటింట్లో స్టవ్ పక్కన గోడకు అంటించాడు. దాన్నే ఫోటో తీసి నా ఫోనులోకి కూడా పంపాడు. మూడు గుర్తులు. ఒకటి, తెలియని నంబరు. రెండు, తొందర పెట్టడం. మూడు, డబ్బు అడగడం. మొదటి రెండే ఉంటే ప్రాంక్, నవ్వి పెట్టేయాలి. మూడూ ఉంటే స్కామ్, కట్ చేసి ఆ నంబరును బ్లాక్ చేయాలి. బ్లాక్ చేయడం ఎలాగో నాకు రెండుసార్లు చేసి చూపించాడు. కాగితం చివర ఎర్ర సిరాతో ఇంకొకటి రాశాడు. గొంతును నమ్మవద్దు.

"ఇప్పుడు ఎవరి గొంతైనా కంప్యూటర్‌తో తయారు చేస్తారు అంకుల్. పొద్దున ఆ ఏడుపు విని అది ఆంటీయే అని మీరే అనుకున్నారు కదా."



ఓబులమ్మ కాగితం వైపు చూసింది. ఆమెకు చదువు రాదు. వాడు చదివి వినిపించిందంతా విని ఒక్క మాట అడిగింది.

"నిజంగానే నేను యాడన్నా పడిపోయి, ఎవురి ఫోను నుంచో చేపిస్తే?"

ఆ కాగితంలో దానికి జవాబు లేదు. సుధీర్ నా ఫోను తీసుకుని ఏదో చూశాడు. నా సిమ్ము కృష్ణప్ప పేరు మీద ఉంది. ఆయనే కొనిచ్చాడు. ఎవరి ఫోనులో చూసినా నా నంబరుకు కృష్ణప్ప అనే వస్తుంది.

"సూపర్ అంకుల్. దొంగల లిస్టులో మీరు కృష్ణప్ప. మీ అసలు పేరు వాళ్లకు తెలిసే చాన్సే లేదు. ఎవరైనా ఫోన్ చేసి ఆంటీ మా దగ్గర ఉంది అంటే, ఆమె భర్త పేరు ఏంటో ఆమెనే అడిగి చెప్పమనండి. చెప్తే మనవాళ్లు. చెప్పకపోతే దొంగలు."

ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నేనెప్పుడు చెప్పినానప్పా ఆయన పేరు?"

"అంటే?"

"మొగుని పేరు చెప్తారా ఎవురన్నా?"

మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. పలికితే ఆయుస్సు తగ్గుతుందంటారు. సుధీర్‌కు ఇది తెలియదు. నేనే చెప్పాను. ఒకసారి బ్యాంకులో ఖాతా తెరిచేటప్పుడు భర్త పేరు ఏమిటని అడిగితే, ఈమె గోడ మీది క్యాలెండరు వైపు వేలు చూపించింది. క్యాలెండరులో ఆంజనేయస్వామి. నా పేరు రామాంజనేయులు. కౌంటరులో ఉన్నామె మాలూరు తెలుగావిడ. నవ్వి రాసుకుంది.

"ఎమర్జెన్సీలో చెప్తావులే ఆంటీ" అన్నాడు సుధీర్.

"చెప్పను. పేరు చెప్పినారంటే అది నేను కాదని తెలుసుకో" అంది నన్ను చూసి. మళ్లీ నవ్వింది.

నేను నవ్వలేదు. కానీ విన్నాను. ఆ మాట చెవిన పడింది. పడలేదని ఈ రోజు నేను చెప్పలేను.

జూన్‌లో ఒక మంగళవారం. ఏడింటికే నేను పీణ్య బస్సులో ఉన్నాను. ఆమె మడివాళ మార్కెట్‌కు పోయింది. ఆ కంపెనీ వచ్చాక పీజీలో కూరగాయలు కూడా ఫోనులోనే తెప్పిద్దామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. వంకాయ చేత్తో నొక్కి చూడకుండా ఎట్లా కొంటారు అనేది. సెల్లు వంటింట్లో చార్జింగుకు పెట్టి మరిచిపోయి పోయింది. ఇది నాకు తర్వాత తెలిసింది.

ఫోను మోగింది. కొత్త నంబరు. మొదటి గుర్తు.

"సార్, మీ హెండ్తి ఇక్కడ మార్కెట్టులో పడిపోయినారు. ఓబులమ్మ అంట. ఎదలో నొప్పి అంటాండారు. బేగ రావాల సార్."

కన్నడం కలిసిన తెలుగు, హెండ్తి అంటే పెళ్లాం. మగ గొంతు. తొందర. రెండో గుర్తు. ఓబులమ్మ పేరు ఏప్రిల్‌లో నేనే ఫోనులో అరిచాను. వాళ్ల దగ్గర ఉండే ఉంటుంది అనుకున్నాను.

"నువ్వెవరు?"

"ఆటో సార్. పక్కన నర్సింగ్ హోమ్ దగ్గర ఉండాము. ముందు కొంచెం కట్టితేనే చేర్చుకుంటారంట. నా దగ్గర అంత లేదు. మీరు ఈ నంబరుకు వేస్తే ఇప్పుడే లోపలికి తీసుకోని పోతా."

మూడో గుర్తు.

బస్సులో నా పక్కన కూర్చున్నవాడు నా ముఖం చూస్తున్నాడు. నవ్వుతాడేమో అనిపించింది. ఫోను ఆమెకు ఇమ్మని నేను అడగలేదు. ఏప్రిల్‌లో అడిగి ఒక ఏడుపు విన్నాను. గొంతును నమ్మవద్దని కాగితంలో ఉంది.

"ఆమె మొగుని పేరేమో ఆమెనే అడిగి చెప్పు" అన్నాను.

"ఏమి సార్?"

"నా పేరు. అడుగు."

వాడు అడగడం వినపడింది. ఇంకొక ఆడగొంతు కూడా ఏదో అంది. కొంచెం సేపయ్యాక మళ్లీ ఫోనులోకి వచ్చాడు.

"చెప్పల్లేదు సార్. తల అడ్డంగా ఊపుతాండాది."

నేను కట్ చేశాను.

వెంటనే మళ్లీ చేశాడు. ఎత్తలేదు. మూడోసారి చేశాడు. సుధీర్ నేర్పినట్టు బ్లాక్ చేశాను. ఓబులమ్మ నంబరుకు ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. మార్కెట్ గోలలో ఆమె ఎప్పుడూ ఎత్తేది కాదు. పక్కన కూర్చున్నవాడితో, స్కామ్ నా కొడుకులు, అన్నాను. బాగా చేసినారు, నాకూ పోయిన వారం వచ్చింది, అన్నాడు వాడు. నాకు సంతోషం కలిగింది. ఆ రోజు ఎవరూ నన్ను చూసి నవ్వలేదు.

పది గంటలకు పీజీ ఓనరు హేమలత ఫోను చేసింది. రామాంజనేయులూ అని పేరు పెట్టి పిలిచి, పెద్దాసుపత్రికి రమ్మంది. నమ్మాను.

పెద్దాసుపత్రికి నేను చేరేసరికి గుడ్డ కప్పేశారు. అరగంట ముందు ఏ చిన్న ఆసుపత్రిలో చేర్చినా ప్రాణం నిలబడేదని డాక్టరు అన్నాడు. మామూలుగా అన్నాడు, నన్ను తప్పు పట్టలేదు. నర్సింగ్ హోమ్ గేటు దగ్గర నుంచి సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్ జామ్ దాటి ఆ ఆసుపత్రి చేరడానికి ఆటోకు యాభై నిమిషాలు పట్టిందట. దారిలోనే పోయింది. సంచిలో హేమలత రాసిచ్చిన సరుకుల చీటీ దొరికింది. దాని మీది నంబరుకు ఫోను చేశారు.

పదకొండో రోజు ఆటో అతను వచ్చాడు. పేరు మునిరాజు. నలభై ఏళ్లుంటాయి. కూరగాయల సంచి తెచ్చాడు. ఆటోలో మిగిలిపోయిందట. వంకాయలు కుళ్లిపోతే పారేసి, సంచి ఉతికి తెచ్చాడు.

"మాట ఉన్నప్పుడే మీ నంబరు ఆమే చెప్పె. మీకు మూడుసార్లు చేసినా అన్నా."

"తెలుసు."

"నేను దొంగోడిని కాదన్నా."

"అదీ తెలుసు. నర్సింగ్ హోమ్ దగ్గర నుంచి ఎందుకు కదిలించినావు? అక్కడే ఉండి గొడవ చేసింటే చేర్చుకునేవాళ్లేమో."

అతను మెట్టు మీద కూర్చున్నాడు.

"ఆమే పొమ్మనిందన్నా."

"నోటితో చెప్పిందా?"

"లేదు. మీ పేరు ఏమని అడిగితే ఫస్టు తల ఊపింది. ఆదెమ్మ, పూలమ్మే ఆమె, పక్కన పట్టుకోని కూర్చోనుండె. ఆమె కూడా అడిగింది, చెప్పమ్మా, ప్రాణం మీదికి వచ్చిండాది, అని. మీరు అప్పటికే కట్ చేసిండారు. నేను మళ్లీ ఫోను కొడతా ఉంటే, ఈమె వేలు ఎత్తి ముందుకు చూపించింది. ఒకసారి కాదు, రెండుసార్లు. ముందుకు పో, పెద్దాసుపత్రికి పో అంటాండాదేమో అనుకుంటిని. ఆటో తిప్పేస్తిని."

"ముందుకంటే ఎటు?"

"ముందుకే అన్నా. నా తలకాయ పక్కగా."

నేను లేచి కిందికి దిగాను. ఆటో గేటు బయట ఉంది. ఆమె ఏ పక్క కూర్చుందో అడిగాను. ఎడమ పక్క అన్నాడు. ఎడమ పక్క కూర్చున్నాను. అతణ్ణి ముందు తన చోట కూర్చోమన్నాను. కూర్చున్నాడు. అతని తల పక్క నుంచి వేలు చాచాను.

అద్దం మీద ఆంజనేయస్వామి బొమ్మ అంటించి ఉంది. ఈ ఊళ్లో బండ్లన్నింటి మీదా ఉండే బొమ్మే. కాషాయం, నలుపు, ముఖం ఒక్కటే.

మునిరాజు వెనక్కి తిరిగి నా వేలు చూశాడు. వేలు ఎటు చూపిస్తోందో చూశాడు.

"మీ పేరు ఏమన్నా?" అన్నాడు.

"రామాంజనేయులు."

 అతను హ్యాండిలు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నేను దిగి మేడ మీదికి వచ్చేశాను. ఆటో చాలాసేపు అక్కడే ఉంది.

ఆమె చెప్పింది. అడిగిన ప్రశ్నకు తన పద్ధతిలో జవాబు చెప్పింది. ఆ వేలు చదవడానికి ఇక్కడ బ్యాంకు కౌంటరులోని మాలూరు ఆవిడ లేదు. అంతకంటే ముందు, తల అడ్డంగా ఊపుతోంది అన్నప్పుడే నేను బస్సు దిగి ఉండాలి. బెంగళూరులో నా పేరు చెప్పనిది ఒక్క ఓబులమ్మే. పేరు చెప్పినారంటే అది నేను కాదు అని ముందే చెప్పింది. నేను ఆ మాట పక్కన పెట్టి, గోడ మీది కాగితం పట్టుకున్నాను.

నెల దాటాక సుధీర్ వచ్చాడు. అప్పటికే పీజీ మారిపోయాడు. వెంట హర్షిత అని ఒక అమ్మాయి, వాళ్ల ఆఫీసులో పై ఉద్యోగి. పళ్లు తెచ్చారు. నేను కూర్చోమనలేదు. సుధీర్ తల వంచుకున్నాడు. ఆ అమ్మాయే మాట్లాడింది.

"అంకుల్, చాలా బాధగా ఉంది. మేం ఒక మంచి పని చేద్దామనుకుంటున్నాం. ప్రాంక్‌కీ స్కామ్‌కీ తేడా ఎలా కనిపెట్టాలి, నిజమైన కాల్ ఎలా గుర్తుపట్టాలి, అని చిన్న వీడియో. మీ కథ వింటే జనం జాగ్రత్తపడతారు."

"నేనేం చేయాల?"

"కెమెరా ముందు జరిగింది చెప్తే చాలు. చివర్లో ఒక్క లైను."

"ఏం లైను?"

ఫోనులో చూసి చదివింది. "'నేను నా భార్యను కోల్పోయాను. మీరు కోల్పోవద్దు.'"

"ఆ తర్వాత ఎవరి పేరు వస్తాది?"

ఆమె సుధీర్ వైపు చూసింది. "అంటే, కంపెనీ బొమ్మ ఒకటి కింద చిన్నగా వస్తుంది అంకుల్."

"కూరగాయల కంపెనీది."

"వాళ్లే డబ్బు పెడుతున్నారు."

"ఏడ్చే మనిషి కావాలంటే మీ స్టూడియోలో ఉండాది కదా" అన్నాను. "బాగా చేస్తాదని ఈ సుధీరే చెప్పినాడు."

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. పళ్ల సంచి కింద పెట్టి మెట్లు దిగిపోయింది. సుధీర్ మాత్రం ఆగాడు.

"అంకుల్, వీడియో వద్దు. నేనే వాళ్లతో చెప్పేస్తా. కానీ ఆ పేరు అడగమన్నది నేనే. నాకు నిద్ర పట్టడం లేదు. ఒక్కసారి తిట్టండి."

"తిడితే నీకు నిద్ర పడతాది. తిట్టను."

"ఆంటీ నాకు అమ్మలాంటిది."

"ఆంటీ అనొద్దు. ఆమె పేరు ఓబులమ్మ. పళ్లు తీసుకోని పో."

తీసుకుని పోయాడు. మెట్ల మీద ఏడ్చాడు. నేను విన్నాను. గొంతును నమ్మవద్దని రాసింది వాడే.

ఆటో బొమ్మ సంగతి వాళ్లకు చెప్పలేదు. చెబితే దాన్ని కూడా వీడియోలో పెట్టేవాళ్లు.

స్టవ్ పక్కన ఆ కాగితం ఇంకా ఉంది. కొత్త వంటమనిషి తీసేస్తానంటే వద్దన్నాను. తాలింపు చిట్లి నూనె మరకలు పడ్డాయి. అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయి. తేడా తెలుసుకోవాలనుకునేవాళ్లు వచ్చి చదువుకోవచ్చు. నేను తెలుసుకున్న తేడా ఒక్కటే. దొంగ పని ముగించుకుని పోతాడు. వీళ్లు మళ్లీ వస్తారు, పళ్లు పట్టుకుని.

షెడ్డులో వాళ్లు, పీజీ కుర్రాళ్లు, కదిరి నుంచి చుట్టాలు, ఒకరి తర్వాత ఒకరు ఎలా జరిగిందని అడుగుతున్నారు. అందుకే ఒకసారి రాసి పెట్టాను. రాయడం ఇదే మొదలు, ఇదే చివర. ఇకపై ఈ సంగతి నా నోట రాదు. ఎవరైనా అడిగితే తల అడ్డంగా ఊపుతాను.